అయిదో అంతస్తు ఇక లేదు

పాత రేవు వీధిలో మేం కడుతున్న హోటల్లో అయిదో అంతస్తు గదులు బుక్ చేసుకున్నవారికి ముందుగా క్షమాపణ. ఆ అంతస్తు ఇక లేదు, నాలుగోదీ లేదు. అడ్వాన్సులు ఈ వారమే తిరిగి పంపుతున్నాం. ప్రారంభం కూడా వచ్చే సీజనుకు జరిగింది. తప్పు నాదే.

చుట్టూ ఉన్న గోదాములన్నీ మూడంతస్తులవి. నేనేమో అయిదు గీయించి, తేడా కనబడకుండా కమాను కిటికీలు, అంటించిన ఇటుక పలకలతో పాత వేషం వేయించబోయాను. మా ఆర్కిటెక్టు నన్ను పడవ ఎక్కించి, అవతలి గట్టు దగ్గర నమూనా బొమ్మ చేతికిచ్చారు. వరుసగా ఉన్న పెంకుటి కప్పుల మధ్య మా కట్టడం గ్రూపు ఫొటోలో ముందు నిలబడ్డ పొడుగాటి మనిషిలా ఉంది. లివర్‌పూల్ రేవు 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కి, తీరంలో లేచిన కొత్త కట్టడాల వల్ల 2021లో ఆ హోదా పోగొట్టుకుందని ఆయన అప్పుడే గుర్తుచేశారు. నేను మారు మాట్లాడలేదు.

పాత కట్టడంలో పోయిన భాగాన్ని భర్తీ చేస్తే అది మిగతా దానితో కలిసిపోవాలి, అయినా కొత్తదని తెలియాలి అంటుంది పాత కట్టడాల పరిరక్షణకు నిపుణులు రాసుకున్న 1964 నాటి నియమావళి, వెనిస్ చార్టర్. మాది మరమ్మతు కాకపోయినా అదే పట్టుకున్నాం. ఎత్తు, కప్పు వాలు, ముఖభాగం వెడల్పు పొరుగువాటివే; కిటికీలు మాత్రం నిక్కచ్చిగా ఈ కాలానివి. బరువులెత్తే ఉత్తుత్తి గిలకలు పెట్టించడం లేదు.

ఆలస్యమంతా ఒక్క పాత గోడ దగ్గరే. దానికి ఎప్పుడో సిమెంటు పూశారు. మేస్త్రి సుత్తితో తట్టగానే అది అట్టలా ఊడింది. వెనక ఇటుక పిండిలా రాలి, వేళ్లకు తెల్లగా ఉప్పు అంటింది. సిమెంటు చెమ్మను బయటికి పోనివ్వదు. లోపల ఉప్పు గడ్డకట్టి ఇటుకను పగలగొడుతుంది. అందుకని సున్నమే వేస్తున్నాం. ఒక పూత ఆరితేగాని మరోటి వేయకూడదు, తొందరపెట్టి లాభం లేదు.

కింద కార్లకు చోటు కూడా ఉండదు. పొరుగు గోదాములు నీళ్లలో మునిగిన కొయ్య దుంగల మీద నిలబడ్డాయి. మేం తవ్వి నీళ్లు తోడితే దుంగలకు గాలి తగులుతుంది, పుచ్చిపోతాయి. మీరు సామానుతో కొంచెం నడవాలి.

ముందు వైపు గదుల్లో వేకువన పడవల మోత గట్టిగానే వినిపిస్తుంది. నిద్ర తేలికైనవారు వెనక గది అడగండి.