క్లచ్‌లో గాలి తీసే ముందు ఇది చదువు

ఒరేయ్ తమ్ముడూ,

పెడల్ మెత్తగా కిందికి పోతోందనీ, రెండు మూడుసార్లు తొక్కితే గానీ గేరు పడట్లేదనీ అన్నావు కదా, క్లచ్‌ని నడిపే బ్రేక్ ఆయిల్ లైన్లో గాలి చేరినట్టే ఉంది. నేనక్కడుంటే స్పానర్ నేనే పట్టేవాణ్ణి. టెన్షన్ పడకు, గాలి నువ్వే తీయగలవు. నా భయమంతా ఆ బ్రేక్ ఆయిల్ క్లచ్ ప్లేటు మీదికి పోకూడదనే. ప్లేటు పనిచేసేదే ఒరిపిడితో, దాని లైనింగ్ ఆయిల్ పీల్చుకుందంటే క్లచ్ జారడమో అదరడమో మొదలవుతుంది, ఇక గేర్‌బాక్స్ దించి ప్లేటు మార్చాల్సిందే.

ముందు స్లేవ్ సిలిండర్, అంటే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసే చిన్న సిలిండర్, ఎక్కడుందో చూడు. గేర్‌బాక్స్ బయట ఉంటే దాని చివరి రబ్బరు బూటు కొద్దిగా లేపు, లోపల తడిగా ఉంటే సీలు పోయినట్టే, గాలి ఎన్నిసార్లు తీసినా లాభం లేదు. కొన్ని కార్లలో అది బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఉండే డొప్ప) లోపలే ఉంటుంది. అలాంటి కారైతే, హౌసింగ్ అడుగున బ్రేక్ ఆయిల్ చుక్కలు కనిపిస్తే ఇక పెడల్ తొక్కనే వద్దు.

అంతా పొడిగా ఉంటేనే పని మొదలుపెట్టు. ఒక్క జాకీని నమ్ముకుని కారు కిందికి దూరకు, స్టాండ్లు పెట్టు. సిలిండర్ బయట ఉంటే క్లచ్ ఫోర్కు (సిలిండర్ నెట్టే మీట) బయటికొచ్చే సందు నిపిల్‌కి, అంటే గాలి తీసే మరకి, దగ్గర్లోనే ఉంటుంది, కారిన చుక్క అందులోంచే లోపలికి పోతుంది, కాబట్టి ఆ సందుకి పొడిగుడ్డ అడ్డం పెట్టు. రింగు స్పానర్ నిపిల్‌కి తగిలించాకే లోపల ఏముందో కనబడే సన్న పైపు బిగుతుగా ఎక్కించు, రెండో కొస సీసాలోని ఆయిల్లో మునిగి ఉండాలి.

పెడల్ దగ్గర నాన్నని కూర్చోబెట్టు. ఆయన నెమ్మదిగా తొక్కి పట్టుకున్నాక నువ్వు నిపిల్ పావు చుట్టు వదులు చెయ్యి, మళ్లీ బిగించాకే ఆయన కాలు తీయాలి. గబగబా తొక్కితే గాలి చిన్న చిన్న బుడగలై ఆయిల్లో కలిసిపోయి ఓ పట్టాన బయటికి రాదు. పైనున్న డబ్బాలో ఆయిల్ సగానికి తగ్గకముందే పోస్తూ ఉండు, చాలా కార్లలో బ్రేకులకీ అదే డబ్బా. మూత మీద రాసిన రకమే, అదీ కొత్త సీసాలోదే పోయాలి. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకుందంటే అది 155కి పడిపోవచ్చు. ఇంజిన్ ఆయిల్ పొరపాటున కూడా పోయకు, సీళ్లు ఉబ్బిపోతాయి.

బుడగలు ఆగాక నిపిల్ బిగించి పైపు తీసేటప్పుడు ఇంకా జాగ్రత్త, ఎక్కువ కారేది అప్పుడే. సీసాలోని కొసని వేలితో మూసి, కింద గుడ్డ పట్టుకుని లాగు. హౌసింగ్ మీద చుక్క పడితే గుడ్డతో అద్ది తీసెయ్యి, నీళ్లు కొట్టకు, ఆయిల్‌ని లోపలికి తీసుకెళ్తాయి. పెయింటు మీద పడితే మాత్రం వెంటనే నీళ్లతో కడిగెయ్యి, లేకపోతే రంగు లేచిపోతుంది.

తర్వాత హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి కాసేపాగి రివర్స్ వెయ్యి, చప్పుడు లేకుండా పడాలి. మర్నాడు డబ్బాలో ఆయిల్ తగ్గిందేమో చూడు, తగ్గితే బండి తీయకుండా నాకు ఫోన్ చెయ్యి.

నీ అన్నయ్య