మెడ జాగ్రత్త శీనూ

చి. శీనుకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. కావలిలో ఎండలు ముదిరాయి. వడియాలు పెట్టి కాకుల కాపలా మీ నాయనకి అప్పగించాను. పేపరు చదువుతూ సగం కాకులకే మేపారు. నువ్వు ఫోను ఎత్తడం లేదు. పనిలో ఉంటావులే అని ఊరుకున్నాను.

మొన్న పెళ్ళిలో రమణ పిన్ని కనిపించింది. బండి మీద నుంచి పడ్డప్పటి నుంచీ నీకు తలనొప్పి తగ్గలేదట, మద్రాసులో ఎవడో మెడ పట్టి టక్కుమని తిప్పేవాడి దగ్గరికి పోతున్నావట. నాకేమో స్కానింగ్‌లో ఏమీ లేదన్నావు. మిగతాది పిన్నికి చెప్పావన్నమాట. సరే, దాని సంగతి తర్వాత.

బుజ్జి ఫీజు కట్టేశాం. గేదె ఈనింది, పెయ్యదూడ.

చిన్న మామ కోవూరు దగ్గర టీవీఎస్ మీద నుంచి పడ్డాడు, గుర్తుందా? పైకి చిన్న దెబ్బే. వారం తిరక్కుండానే తలనొప్పి పట్టుకుంది. ఒక పక్క పోటు, వాంతులు, వెలుతురు చూడలేడు. మూడు నెలలైనా వదల్లేదు. మంగలి షాపులో మెడ విరిపించుకోమని అత్త, పుత్తూరు కట్టు కట్టిద్దామని తాత. తలకి కట్టు ఎట్లా కడతారో ఎవరూ అడగలేదు. చివరికి నెల్లూరులో నరాల డాక్టరు చూసి ఫిజియోథెరపీకి పంపాడు. అక్కడ నీ ఈడు పిల్ల, మామని వెల్లకిలా పడుకోబెట్టి పుర్రె కింద వేళ్ళు ఆనించి అట్లాగే కూర్చుంది. విరవలేదు, తిప్పలేదు. మామ గురక పెట్టాడు. బయటికొచ్చి, నిద్రపుచ్చడానికి డబ్బులా అని గొడవ! మెడ పైభాగం నరాలూ ముఖం నరమూ లోపల ఒకేచోట కలుస్తాయట, అందుకే మెడ బిగుసుకుంటే కంటి వెనక నొప్పి వస్తుందని ఆ పిల్ల ఓపిగ్గా చెప్పింది. నొప్పి వచ్చిన రోజు క్యాలెండరులో గుర్తు పెట్టమంది. మామ పాల లెక్క పక్కనే పెట్టాడు. అత్త రెండూ కలిపి పాలవాడికి డబ్బులిచ్చేసింది. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, పోనుపోను గుర్తులు పలచబడ్డాయి.

కాబట్టి చేతి వైద్యమే వద్దని నేననను. ఆ టక్కుమనిపించడం వద్దు. మెదడుకి పోయే రక్తనాళం మెడలోనే ఉంది, అట్లా తిప్పితే దాని లోపలి పొర చీలవచ్చు. అరుదేనట. అరుదైతే మాత్రం, నా కొడుకు మీద ప్రయోగమా? మెత్తని చేతి వైద్యానికైనా డాక్టరు పంపితేనే పో. మాత్రలు కూడా అంతే, నెలలో 15 రోజులు మామూలు నొప్పిమాత్రలు మింగుతూ పోతే వాటివల్లే తలనొప్పి వస్తుంది. నొప్పి పెరుగుతున్నా, మత్తుగా ఉన్నా, మాట తడబడినా, కాలూచెయ్యీ పట్టు తప్పినా అర్ధరాత్రైనా పెద్దాసుపత్రికి పరిగెత్తు. దెబ్బ తగిలిన కొన్ని వారాలకి కూడా తలలో రక్తం చేరవచ్చు, మొదటి స్కానింగ్ బాగుందని కూర్చోకు. పొద్దున టిఫిను మానకు. రాత్రి ఆ సెల్లు పక్కన పడెయ్. హెల్మెట్ బకిల్ పెట్టుకునే అలవాటు నీకు చిన్నప్పట్నుంచీ... సరేలే.

శనివారం బస్సుకి మలై కాజాలు, వడియాలు వేస్తున్నాం. డ్రైవరు నంబరు నాయన మెసేజ్ పెడతారు. సంచీ బరువుంది, భుజాన వేసుకోకు, ఆటో ఎక్కు. ఆటో డబ్బులు నేనిస్తాను.

మీ అమ్మ