మామా, అక్క పాత లింకులన్నీ దారిలో పడ్డాయి

ఒరేయ్ మామా,

రిప్లై బాగా లేటయింది, సారీ రా, మనసులో పెట్టుకోకు. ఇక్కడ అందరం బాగున్నాం, అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, నాన్న మళ్ళీ వాకింగ్ మొదలెట్టారు, ఉద్యోగం ఎప్పటిలాగే నడుస్తోంది. నువ్వడిగిన కాగితాలు కూడా పంపిస్తాలే. అవన్నీ పక్కన పెట్టు, ఇప్పుడొకటి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అక్క లెక్కల పాఠాల సైటుకి ఆ పాత డాట్ ఆర్గ్ పేరుంది చూడు, అది ఇప్పుడు డాట్ కామ్‌కి పక్కాగా రీడైరెక్ట్ అవుతోంది, అంటే పాత అడ్రస్ నొక్కినవాళ్ళని కొత్త సైటుకి మళ్ళిస్తోంది! ఊరికే హోమ్ పేజీకి కాదు రా, ఏ పాఠం లింకు నొక్కితే ఆ పాఠానికే!!

అసలు గొడవ ఎక్కడ మొదలైందంటే, అక్క డాట్ కామ్‌కి మారాక పాత పేరుకి, ఆ డొమైన్ (సైటు పేరు) అమ్మిన కంపెనీ ప్యానెల్లోనే ఫార్వర్డింగ్ పెట్టించుకుంది. లాప్‌టాప్‌లో తన పాత బుక్‌మార్క్ నొక్కితే కొత్త సైటు చక్కగా వచ్చేది, సో అంతా బాగుందనుకుంది. కానీ పాత పుస్తకాల్లో ప్రతి పాఠం కింద క్యూఆర్ కోడ్ ఉంటుంది గుర్తుందా (అదే, మన "త్రికోణం కేసు" పుస్తకం), దాన్ని ఫోన్లో స్కాన్ చేసిన పిల్లలకి మాత్రం "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఆ ఎర్ర గుర్తు పేజీ వస్తోంది. తల్లిదండ్రులు ఫోన్ చేసి మీ సైటు హ్యాక్ అయిందా అమ్మా అని అడుగుతుంటే అక్క గొంతు ఎలా అయిపోయిందో చెప్పలేను. ఇన్నేళ్ళు కష్టపడి సంపాదించుకున్న నమ్మకం రా అది.

నేను కూర్చుని కర్ల్‌తో (కమాండ్ రాసి సైటుని అడిగే టూలు) హెడర్లు, అంటే సర్వర్ జవాబుతో పాటు పంపే వివరాలు, చూశా. హెచ్‌టీటీపీతో (తాళం లేని పాత పద్ధతి) అడిగితే 301, అంటే "శాశ్వతంగా మారిపోయాం" అనే కోడ్, వస్తోంది, కింద లొకేషన్ అని డాట్ కామ్ అడ్రస్ ఉంది. అదే హెచ్‌టీటీపీఎస్‌తో (తాళం ఉన్న పద్ధతి) అడిగితే రీడైరెక్ట్ దాకా పోనే పోవట్లేదు, సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోతోంది. అక్క బుక్‌మార్క్ ఎప్పటిదో, ఉత్త హెచ్‌టీటీపీది. పుస్తకాల్లో క్యూఆర్‌లేమో హెచ్‌టీటీపీఎస్‌వి. అందుకే తనకి కనపడలేదు!

నాకు బాగా నచ్చిన విషయం ఇదే మామా. డొమైన్ పేరు దానంతటదే ఎక్కడికీ మళ్ళించదు. డీఎన్ఎస్ (ఇంటర్నెట్ పేర్ల డైరెక్టరీ) చెప్పేది ఫలానా పేరుకి ఫలానా ఐపీ (సర్వర్ నంబరు) అని, అంతే. ఇల్లు మారితే పాత గుమ్మం దగ్గర ఎవరో ఒకరు నిలబడి "వాళ్ళు ఇప్పుడు ఫలానా చోట ఉంటున్నారు" అని చెప్పాలి కదా, అలా పాత పేరు మీద కూడా ఒక సర్వర్ జవాబివ్వాలి. హెచ్‌టీటీపీఎస్‌లో అయితే ఆ మాట వినేముందే బ్రౌజర్ నువ్వు నిజంగా ఈ ఇంటివాడివేనా అని సర్టిఫికెట్ అడుగుతుంది. 443 పోర్టులో (హెచ్‌టీటీపీఎస్ వచ్చే తలుపు) ఆ ఫార్వర్డింగ్ సర్వర్ ఇంకేదో పేరున్న సర్టిఫికెట్ చూపిస్తోంది. ఇక ఎవడు నమ్ముతాడు?

అక్క ఆ కంపెనీ సపోర్ట్‌కి ఫోన్ చేస్తే సీనేమ్ (ఈ పేరు ఆ పేరుకి మారుపేరు అని చెప్పే డీఎన్ఎస్ రికార్డు) పెట్టేయండి మేడం సరిపోతుంది అన్నారట. నాకు ఒళ్ళు మండింది. సీనేమ్ పెడితే అడ్రస్ బార్‌లో పేరు మారదు, సర్టిఫికెట్ గొడవ తీరదు, పైగా ముందు డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు లాంటిదేమీ లేని ఉత్త డొమైన్ మీద సీనేమ్ పెట్టకూడదు కూడా, అక్కడ ఆ డొమైన్ వివరాలు చెప్పే ఎస్ఓఏ, ఎన్ఎస్ రికార్డులు ఉండి తీరాలి, సీనేమ్ పక్కన అవి ఉండకూడదు కాబట్టి. ఇంకొకాయన మాస్కింగ్ ఆన్ చేయమన్నాడట. అంటే పాత పేరు కిందే కొత్త సైటుని ఫ్రేములో పెట్టి చూపించడం, ఏ పాఠానికి వెళ్ళినా పైన అడ్రస్ ఒకటే ఉంటుంది, పిల్లలు లింకు కాపీ చేసి పంపుకోలేరు. వద్దంటే వద్దన్నా.

సరే, పాత పేరుని మన మెయిన్ సర్వర్‌కే తిప్పేద్దాం అని ఎ రికార్డు (పేరుకి ఐపీ చెప్పేది) మార్చాం. నేమ్‌సర్వర్లు (ఈ రికార్డులన్నీ ఉంచే సర్వర్లు) మాత్రం ముట్టుకోనివ్వలేదు, అక్క మెయిల్ ఇప్పటికీ ఆ పాత పేరు మీదే ఉంది కదా, ఎంఎక్స్ రికార్డులు (మెయిల్ ఎక్కడికి వెళ్ళాలో చెప్పేవి) కొత్త చోట పెట్టకుండా నేమ్‌సర్వర్లు మారిస్తే మెయిల్ ఆగిపోయేది. ఆ తర్వాత లెట్స్ ఎన్‌క్రిప్ట్ (ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ) నుంచి సర్టిఫికెట్ అడిగితే, ఫెయిల్! మళ్ళీ అడిగితే మళ్ళీ ఫెయిల్. ఎ రికార్డు కరెక్టే, హెచ్‌టీటీపీ వచ్చే 80 పోర్టు తెరిచే ఉంది, పేరు మనదేనని వాళ్ళు చూసుకునే ఫైల్ అక్కడే ఉంది, బ్రౌజర్లో తెరిస్తే వస్తోంది కూడా. పిచ్చెక్కిపోయింది నాకు.

అప్పుడు మన సైలెన్సర్‌గాడికి ఫోన్ చేశా. వాడి సంగతి తెలుసుగా, అంతా విని "ఊఁ" అన్నాడు, కాసేపాగి "ఎర్రర్లో ఏ ఐపీ ఉంది" అన్నాడు. చూస్తే మధ్యలో అన్నీ కోలన్లతో పొడుగాటి అడ్రస్, ఐపీవీ6 (కొత్త రకం ఐపీ) రా! పాత ఫార్వర్డింగ్ వాళ్ళు పెట్టిన ఎఎఎఎ రికార్డు (ఐపీవీ6కి ఎ రికార్డు లాంటిది) అలాగే ఉండిపోయింది. అది ఉంటే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ముందు ఐపీవీ6 తలుపే తడుతుంది, అక్కడ పాత సర్వర్ బతికే ఉంది కాబట్టి అదే జవాబిచ్చేస్తోంది, మన సర్వర్ దాకా ఎవరూ రానే రావట్లేదు. మా ఇంటి నెట్‌లో ఐపీవీ6 లేదు గనక నాకు మాత్రం అంతా బాగానే కనపడుతోంది. ఆ ఒక్క రికార్డు తీసేసి, టీటీఎల్ (పాత జవాబు గుర్తుంచుకునే గడువు) గడిచేదాకా గంటసేపు ఆగి మళ్ళీ అడిగితే సర్టిఫికెట్ వచ్చేసింది, ఉత్త పేరుకీ డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు పేరుకీ కలిపి. దాని గడువు 90 రోజులే, అందుకే రెన్యువల్ ఆటోమేటిక్‌గా పెట్టేశా. సైలెన్సర్‌గాడు ఒక్క ముక్క అడిగాడంతే, వాడంటే నాకెంత గౌరవం పెరిగిందో.

ఆ తర్వాత రూల్ ఒక్క లైనే. ఎన్‌జిన్ఎక్స్‌లో (మన సైటుని నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్) రిటర్న్ అని రాసి, కొత్త పేరు పక్కనే రిక్వెస్ట్ యూఆర్ఐ వేరియబుల్ తగిలిస్తే స్లాష్ తర్వాత ఉన్నదంతా యథాతథంగా వెళ్తుంది. ఆ పాత ఫార్వర్డింగ్ అయితే అందర్నీ తీసుకెళ్ళి హోమ్ పేజీలో పడేసేది, భిన్నాల పాఠం కోసం వచ్చిన పిల్లాడు ఆ హోమ్ పేజీలో ఏం వెతుక్కుంటాడు చెప్పు? ముందు 302తోనే (తాత్కాలిక మళ్ళింపు) పెట్టి చూశాం, ఎందుకంటే 301ని బ్రౌజర్లు గుర్తు పెట్టేసుకుంటాయి, అడ్రస్ తప్పుగా పడిందా తర్వాత సరిచేసినా కొంతమందికి పాతదే వస్తుంటుంది. పుస్తకంలో ప్రతి క్యూఆర్ అక్క తన ఫోన్‌తో స్కాన్ చేసుకుంటూ పోయింది, నేను పక్కన లాగ్ చూస్తూ కూర్చున్నా. పేరు మారిన పాఠాలు కొన్ని 404 (పేజీ దొరకలేదు) వచ్చాయి, వాటికి విడిగా రూల్స్ రాశా. అన్నీ కుదిరాకే 301. చివరి పాఠం ఓపెన్ అయినప్పుడు అక్క ఏమీ అనలేదు, పుస్తకం మూసి నా భుజం మీద చెయ్యి వేసింది... సరే వదిలెయ్.

ఇక ఆ పాత పేరుని ఎప్పటికీ వదలొద్దని గట్టిగా చెప్పా. రీడైరెక్టులు కనీసం ఏడాదైనా ఉంచమని గూగుల్ చెప్తుంది కానీ అచ్చు పుస్తకం అంతకంటే చాలా ఎక్కువ కాలం బతుకుతుంది కదా, పేరు వదిలేస్తే ఎవడో కొనుక్కుంటాడు, అప్పుడు పిల్లలు స్కాన్ చేస్తే వాడి సైటు తెరుచుకుంటుంది. తల్చుకుంటేనే భయమేస్తోంది.

నీ దగ్గర కూడా ఆ హైఫన్ పేరు ఖాళీగా పడుంది కదా, అదే రా, "గురువుగారు" కొనిపించింది. దాన్ని హెచ్‌టీటీపీఎస్‌తో ఫోన్లో తెరిచి చూడు, వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద చూడాలి సుమా, ఆ ఎఎఎఎ రికార్డు ఉందేమో కూడా చూసి నాకు చెప్పు. మీ ఆవిడ అడిగిన విషయం కూడా రాద్దామనుకున్నా గానీ, అదిగో బండి హారన్ కొడుతున్నాడు, స్టేషన్‌కి వెళ్ళాలి, పిన్నీవాళ్ళ ట్రైన్ వచ్చేస్తోంది, రాత్రికి ఫో