మేడ మీద సోలార్: కరెంటు అమ్మితే డబ్బులొస్తాయా?

పటమట గ్రూపు సభ్యులందరికీ నమస్కారమండి.

సోలార్ పెట్టించి కరెంటు అమ్ముకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. అమ్మకం కోసమే అయితే వద్దండి. మనం గ్రిడ్‌కు, అంటే కరెంటు సంస్థ లైన్లకు, పంపిన యూనిట్లను ముందు మన వాడకంలోంచి తీసేస్తారు. ఆ పైన మిగిలితేనే డబ్బు, అదీ మనం కొనే రేటు కంటే తక్కువకే.

అసలు లాభం స్లాబుల్లో ఉంది. 2022లో మారిన స్లాబుల ప్రకారం నెలకు 225 యూనిట్లు దాటితే ఆపై యూనిట్‌కు రూ. 8.75, 400 దాటితే రూ. 9.75. రోహిణి కార్తెలో బెజవాడ ఎండకి ఏసీలు ఆగకుండా తిరుగుతాయి కదా, సోలార్ ముందు తగ్గించేది ఈ ఖరీదైన యూనిట్లనే. ఒక కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. అందుకే ఏడాది బిల్లులన్నీ ముందేసుకుని, మీ వాడకానికి సరిపడేంతే పెట్టించండి.

ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు రూ. 78,000 సబ్సిడీ ఉంది. ప్యానెల్స్ బిగించి, నెట్ మీటర్ (మనం వాడిన, పంపిన యూనిట్లు రెండూ లెక్కపెట్టేది) పెట్టాకే అది బ్యాంకు ఖాతాలో పడుతుంది.

ఇంకోటి, మాకు బిగించినవాళ్లు చెప్పలేదు: కరెంటు పోతే బ్యాటరీ లేని సోలార్ కూడా ఆగిపోతుంది. మన ప్యానెల్స్ కరెంటు లైన్‌లోకి వెళ్లి, దాని మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకూడదు కదండీ.

మేడ మీద నీడ ఎంతసేపు పడుతుందో చూసుకోవాలంటే పిలవండి, ఆదివారం వస్తాను.