మంచె కట్టిన ఏడాది: కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే కాబట్టి ఆ ఉపోద్ఘాతం జోలికి పోను. ఈ ఏడాది నాలుగు సమావేశాలు పిలిచాం, రెండింటికి కోరం లేదు. చెరువులో గుర్రపుడెక్క రెండుసార్లు తీయించాం. హైస్కూలు పిల్లలకు పక్షుల బొమ్మల పోటీ పెట్టాం. మిగతా నివేదికంతా పక్షులను చూడటానికి మన ఊరి చెరువు గట్టు మీద కట్టిన మంచె గురించే.

మొదట మనం తీర్మానించింది మంచె కాదు, వాచ్ టవర్. నాలుగు సిమెంటు స్తంభాలు, పైన రేకులు, నీలం రంగు, మెట్ల పక్కన దాతల పేర్లతో పాలరాతి పలక. ప్లాను కూడా గీయించాం. దాన్ని పక్కన పెట్టించినవి రెండు ప్రయాణాలు. ఒకటి కొల్లేటి ఒడ్డున పక్షుల కేంద్రం ఉన్న ఆటపాక. అక్కడ చెట్లు చాలక గూడబాతుల కోసం నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతితే, వాటి మీదా గూళ్లు పెట్టేశాయి. అంటే ఇనుమంటే వాటికి బెదురు లేదు, బెదురంతా మనమంటేనే. రెండోది కాకినాడ దగ్గర కోరింగ. మడ అడవిలోకి చెక్కలతో వేసిన బాట అది. బురద మీద పొడుచుకొచ్చిన శ్వాస వేర్లను తొక్కకుండా కాళ్ల మీద నిలబడి ఉంటుంది. చెట్ల కంటే ఎత్తుకు లేవదు, వాటి మధ్యలోనే సాగిపోతుంది. ఆ బాట మీద నడిచొచ్చాక మన సిమెంటు టవరు ప్లాను చూస్తే నాకే సిగ్గేసింది.

ఇంకో మాట. కొల్లేరు 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల, అంటే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందినది. అలాంటి చోట్ల 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం, సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు, పడవల రేవులు తప్ప శాశ్వత కట్టడం కూడదు. మనది కొల్లేరు హద్దుకు బయట ఉన్న ఊరి చెరువు, పైగా సాగునీటిది, కాబట్టి ఆ నిబంధన మనకు వర్తించదు. అయినా పాటించాం. కూర్చునే మండపం, పక్షుల పటాలు, మరుగుదొడ్డి అన్నీ 50 మీటర్లు దాటాకే, రోడ్డు వైపు పెట్టాం. గట్టు మీద ఉన్నది రేపు అక్కర్లేదనుకుంటే ఊడదీసి పట్టుకెళ్లగలిగే మంచె ఒక్కటే.

చోటు ఎంచడానికే రెండు నెలలు పట్టింది. ముందు వెదుళ్లతో ఉత్తుత్తి మంచె వేసి, పదిహేను రోజులు పొద్దున్నే వెళ్లి కూర్చున్నాం. మొదట వేసిన చోట మనం కదిలినప్పుడల్లా తుమ్మచెట్ల మీది కొంగలన్నీ ఒక్కసారి మెడలెత్తేవి. గూటి మీది పక్షి లేచిపోతే గుడ్డు కాకి పాలవుతుంది, పిల్ల ఎండకు మాడుతుంది. మూడుసార్లు వెనక్కి జరిపాం. నాలుగో చోట మెడలు లేవలేదు. "ఇంత దూరం నుంచి ఏం కనిపిస్తుంది?" అని అడిగిన సభ్యులకు జవాబుగా రెండు బైనాక్యులర్లు కొన్నాం. వచ్చేవాళ్లు పొద్దున పూటే వస్తారు గనక తూర్పు గట్టే మేలనుకున్నాం. వెలుగు వీపు మీద పడుతుంది, పక్షి రంగు తేటగా కనిపిస్తుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీళ్లు కొల్లేరుకు చేరినప్పుడు మన చెరువూ నిండింది. పంపు షెడ్డు గోడ మీద ఆ నీటి చార ఇంకా ఉంది. గట్టు నేల నుంచి రెండడుగులు. మంచె నేలను మూడడుగుల ఎత్తున పెట్టాం, అంతకు మించి లేపలేదు. ఎత్తు పెరిగితే మనిషి ఆకాశానికి అడ్డంగా బొమ్మలా కనబడతాడు. పైగా చక్రాల కుర్చీకి అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు కావాలి. మూడడుగులకే 36 అడుగుల బాట, మధ్యలో ఆగడానికి చదును అయ్యాయి. పదిహేనడుగుల టవరైతే ఆ బాట ఊళ్లోకి వచ్చేసేది.

స్తంభాలు చేవదేరిన తాటివి. ఇక్కడ మనం ఒక తప్పు చేశాం, ఒప్పుకోవాలి. ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉన్న కర్రా నిలుస్తుంది, ఎప్పుడూ పొడిగా ఉన్న కర్రా నిలుస్తుంది. నీళ్లు ఎక్కిదిగే చోటే కుళ్లుతుంది. నీటి వైపు రెండు స్తంభాలకు అక్కడ తారు పూయడం మర్చిపోయాం. ఒకటి అప్పుడే వేలితో నొక్కితే మెత్తగా ఉంది. నేల పలకల మధ్య వేలెడు సందు వదిలాం, వాన నీళ్లు దిగిపోతాయి. చెప్పుల టకటకకు కొబ్బరిపీచు పట్టాలు పరిచాం. ముందు తాటాకు తడిక, అందులో పెద్దవాళ్లకో వరస, పిల్లలకో వరస చూపు సందులు. గాజు పెడదామని డల్లాస్ నుంచి ఫొటోలు పంపిన సభ్యుడికి కృతజ్ఞతలు. అద్దంలో ఆకాశం కనబడితే పక్షి అదే దారనుకుని గుద్దుకుంటుంది, అందుకే వద్దన్నాం. ఆయన నొచ్చుకోకుండా డబ్బు మాత్రం పంపారు.

ప్రారంభోత్సవం ఈ ఏడాది మన గర్వకారణం. బాణసంచా, డీజే వద్దని ముందే చెప్పాం. ముఖ్య అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చినా వచ్చారు. మంచె పన్నెండు మందికి కట్టింది, ఎక్కింది ఎంతమందో లెక్కపెట్టలేదు. అందరివీ తెల్ల ఖద్దరు చొక్కాలే, అందరూ తడిక పైనుంచి సెల్ఫీలే. దగ్గరి తుమ్మచెట్టు ఖాళీ అయిపోయింది. సాయంత్రం నాలుగింటికి మొదటి నత్తగుల్ల కొంగ తిరిగొచ్చేదాకా నా టెన్షన్ నాది.

తాటిమానులు ఉచితంగా ఇచ్చిన రైతులకు, తడికలు అల్లిన అక్కలకు, కూలి సగమే తీసుకున్న వడ్రంగి మేస్త్రీ గారికి, రోజూ టీ పంపిన హోటలు బాబాయికి, పోటీ నడిపిన డ్రాయింగ్ మాస్టారికి, పంపు షెడ్డులో సామాను పెట్టుకోనిచ్చిన నీటి సంఘానికి, అధ్యక్షులవారికి, పేరు చెప్పొద్దన్న ఇద్దరు దాతలకు ధన్యవాదాలు. అనుమతి కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ పదకొండుసార్లు తిరిగాను. ఫైలు పై సీటులో ఉందని కింద సీటు, కింద సీటులో ఉందని పై సీటు చెప్పాయి. చివరికి దొరికింది బీరువా మీద. వారికీ ధన్యవాదాలే.

శ్రమదానం పిలుపుకు గ్రూపులో దండం బొమ్మలు పెట్టినవాళ్లు నలభై మంది, గునపం పట్టుకుని వచ్చినవాళ్లు ఏడుగురు. ఆ ఏడుగురెవరో మీకు తెలుసు, మిగతా ముప్పై ముగ్గురికీ తెలుసు.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంచారు, ఆడిట్ అయింది, స్వల్పంగా మిగులు ఉంది. చందా బాకీలు వసూలైతే ఆ మాట ఇంకాస్త గట్టిగా చెప్పగలను.

వచ్చే ఏడాది పనులు: మెత్తబడిన స్తంభం మార్చాలి, రెండోదానికి తారు పూయాలి, బాటకు రెండు వైపులా జమ్ము పెరగనివ్వాలి. దయచేసి ఎవరూ శుభ్రం చేస్తున్నామని కోసెయ్యకండి. మంచె తాళంచెవి మా ఇంట్లోనే ఉంది. ఆదివారం డ్యూటీ పట్టికలో డిసెంబరు రెండు, మూడు వారాలు ఇంకా ఖాళీ.

ఇట్లు,
కార్యదర్శి