రిగ్గు రాకముందే రైతు చేతికి పటం అందాలి

కర్ణాటక చిన్న నీటిపారుదల, భూగర్భ జలాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

గౌరవనీయులైన మంత్రి గారూ,

ముళబాగిలు ప్రాంతం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం మాది. కోలారు జిల్లాలోని మా బంధువులు నేటికీ అప్పు తెచ్చి బోరు వేయిస్తున్నారు. ఎక్కడ వేయాలో నిర్ణయించేది మాత్రం అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని పొలమంతా నడిచే మనిషే. వెయ్యి అడుగులు దాటినా తడి తగలకపోతే ఆ అప్పు ఆ ఇంటివారే తీర్చుకోవాలి.

ఇంతకన్నా మెరుగైన ఆధారం ప్రభుత్వం దగ్గర ఏనాటి నుంచో ఉంది. రాజీవ్ గాంధీ జాతీయ తాగునీటి మిషన్ కోసం హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాల సాయంతో 1:50,000 స్కేలులో భూగర్భ జల లభ్యత పటాలు తయారుచేసింది. మొదటి దశలో తీసుకున్న రాష్ట్రాలలో కర్ణాటక ఒకటి. ఉపగ్రహానికి నేల కింది నీరు కనిపించదు. మన గ్రానైటు, నైస్ రాళ్లలో నీరు నిలిచేది పైన మెత్తబడిన పొరలోనూ, దాని కింది పగుళ్లలోనూ కాబట్టి, ఆ పగుళ్ల జాడను పైనుంచి గుర్తించాలి: తిన్నగా సాగే వాగులు, ఎండాకాలంలోనూ ఒకే వరుసలో పచ్చగా ఉండే చెట్లు, నేలను అడ్డంగా కోసుకుపోయే నల్లరాతి డైకులు, అంటే గోడలా నేలలోకి దిగిన రాతి పట్టీలు. డైకు గట్టిగా ఉన్నచోట నీరు ఎగువ పక్కన ఆగుతుంది, అందువల్ల దానికి ఏ వైపున బోరు వేశామన్నదే ఫలితాన్ని మార్చేయగలదు.

ఈ పటానికీ పరిమితి ఉంది. అందులో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. అది ఆశ పెట్టుకోదగిన పట్టీని చూపుతుందే గాని బోరు గుంతను చూపదు. ఆ పట్టీలో విద్యుత్ నిరోధ పరీక్ష, అంటే నేలలోకి కరెంటు పంపి దానికి ఎంత అడ్డు తగులుతుందో చూసి నీటి జాడ పట్టే పరీక్ష చేయించాకే రిగ్గును పిలవాలి. ఇక 2002లో పంపగా 2017 దాకా పనిచేసిన గ్రేస్ ఉపగ్రహాల జంట గురుత్వాకర్షణలోని మార్పులను బట్టి భూగర్భ జలం తగ్గుదలను చెప్పగలిగినా, అవి చూసింది వందల కిలోమీటర్ల విస్తీర్ణాన్ని కాబట్టి ఒక తాలూకాకు అక్కరకు రాలేదు.

2011 నాటి రాష్ట్ర భూగర్భ జల చట్టం ప్రకారం నోటిఫై అయిన ప్రాంతాలలో బోరుకు అనుమతి తప్పనిసరి. రైతు దరఖాస్తు పెట్టిన ఆ రోజే అతని సర్వే నంబరు గుర్తించిన పటం ముక్కను కన్నడంలోనూ, సరిహద్దు తాలూకాలలో తెలుగులోనూ ఇప్పించండి. చిన్న రైతుకు నిరోధ పరీక్ష ఖర్చును శాఖే భరించాలి. 2024 వేసవిలో బెంగళూరులోనే వేల బోర్లు ఎండిపోవడం చూశాక కూడా ఈ ఖర్చు ఎక్కువని ఎవరైనా అంటే నేను ఒప్పుకోలేను.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. నీళ్లు పడని బోరు ఎంత లోతుకు వెళ్లింది, ఏ లోతులో ఏ రాయి తగిలింది అన్న వివరాలు రిగ్గు నడిపినవారికి తెలుసు, కానీ అవి పటం మీదికి రావడం లేదు. విఫలమైన ప్రతి బోరు వివరాన్నీ రిగ్గు యజమాని తప్పకుండా నమోదు చేయాలని ఉత్తర్వు ఇవ్వండి. అవి చేరే కొద్దీ పాత పటాలలోని తప్పులు దిద్దుకోవచ్చు, పక్క పొలం రైతు అదే రాతిలో మళ్లీ డబ్బు పోగొట్టుకోకుండా ఆపవచ్చు. వచ్చే వేసవికి ముందే ముళబాగిలు, శ్రీనివాసపుర తాలూకాలలో దీన్ని మొదలుపెట్టించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
బెంగళూరు నివాసి