అది చెమట కాదు, కుట్టులోంచి కారిన వాన: రెయిన్ జాకెట్లపై రెండో ఫిర్యాదు

కస్టమర్ సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: తేలికపాటి రెండున్నర పొరల (పైబట్ట, నీటిని ఆపే పొర, సగం పొరగా లెక్కించే లోపలి సన్నటి పూత) రెయిన్ జాకెట్లు 12, ప్యాంట్లు 12 - లోపాలు, డబ్బు వాపసు గురించి.

అయ్యా,

మా ట్రెక్కింగ్ బృందానికి మీ దగ్గర కొన్న 12 జాకెట్లలో 9 భుజాల దగ్గర కారుతున్నాయి. మొదటి ఫిర్యాదుకు మీ నుంచి వచ్చిన జవాబు రెండే వాక్యాలు: అది వాన నీరు కాదు, లోపల పట్టిన చెమట, ఇలాంటి బట్టల్లో ఇది మామూలే. ఆ జవాబు తప్పు. ఎందుకు తప్పో వివరంగా రాస్తున్నాం. దయచేసి ఈసారి దీన్ని కాల్ సెంటర్‌లోనే ఆపేయకుండా, జాకెట్లు కుట్టించే వారి దాకా పంపండి.

చెమట సంగతి మాకు తెలియనిది కాదు. జూలై, ఆగస్టు నెలల్లో సహ్యాద్రి కొండల్లో గాలి నిండా తేమే. ఒంటి ఆవిరి బయటికి పోవాలంటే జాకెట్ లోపలికీ బయటికీ ఆవిరి ఒత్తిడిలో తేడా ఉండాలి. ఆ తేడా తగ్గితే ఎంత ఖరీదైన పొరైనా నత్తనడకే. అందుకే లోపల చెమ్మగా ఉందని మేం ఫిర్యాదు చేయలేదు. చెమటైతే ముందు వీపు, చంకలు, మోచేతి మడతలు తడుస్తాయి. ఈ తొమ్మిదింటిలోనూ తడి మొదలైంది భుజం మీద, హుడ్ కుట్టు వచ్చి భుజం కుట్టును కలిసే చోట. అక్కడి నుంచి వేలెడు వెడల్పు చారగా ఛాతీ మీదికి దిగింది. వీపు దాదాపు పొడిగా ఉండి ఒక్క భుజమే తడవడం చెమట వల్ల జరిగే పని కాదు.

అయినా మాట మీద మాట ఎందుకని, ఎవరూ తొడుక్కోకుండానే పరీక్ష చేశాం. మీరూ చేసి చూడవచ్చు. జాకెట్‌ను ఉతికి పూర్తిగా ఆరబెట్టి, తిరగేసి, భుజం భాగం సంచిలా వేలాడేలా బకెట్ అంచుకు బట్టల క్లిప్పులతో బిగించాలి. అప్పుడు వాన పడే ముఖం సంచి లోపలికి వస్తుంది. అందులో 10 సెంటీమీటర్ల లోతు నీళ్లు పోసి, కింద పొడి టిష్యూ పరవాలి. మీ లేబుల్ మీద 10,000 మిల్లీమీటర్లు అని ఉంది. అంటే 10 మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడిని ఆ బట్ట ఆపాలి. మేం పెట్టింది 100 మిల్లీమీటర్లు, అందులో నూరో వంతు. బట్ట మధ్యలో ఒక్క చుక్క దిగలేదు. బట్ట మంచిదే, ఆ మాట చెప్పి తీరాలి. కానీ 20 నిమిషాలు కాకముందే, మూడు కుట్లు కలిసే చోట, సూది రంధ్రాల్లోంచి నీరు రాకుండా కుట్టు మీద లోపలి వైపు అతికించే టేపు అంచు వెంట గుండుసూది తలంత బొట్లు వరసగా లేచాయి. ఆ అంచును గోటితో గీరితే చిన్న రెక్కలా పైకి వస్తోంది. కింద జిగురు తెల్లగా, పొడిపొడిగా, బట్టను పట్టుకున్న ఆనవాలే లేకుండా ఉంది.

కారణం కష్టమైనదేమీ కాదు. మూడు కుట్లు కలిసే చోట మడతలన్నీ పేరుకుని గడ్డలా లేస్తుంది. టేపు అతికించే యంత్రం రోలరు ఆ గడ్డ మీద ఒత్తుతుంది గానీ పక్క పల్లంలోకి దిగదు. అక్కడ టేపు కింద సన్నటి సందు మిగిలిపోతుంది. అందుకే ఆ ముడి మీద మరో టేపు ముక్క వేసి వేడితో ఒత్తాలి. మీ జాకెట్లలో ఆ ముక్క లేదు. పైగా టేపు వెడల్పు 13 మిల్లీమీటర్లే కాబట్టి కాస్త పక్కకు జరిగినా కుట్టు బయటపడుతుంది. ఆ కుట్టేమో సరిగ్గా బ్యాగు పట్టీ కిందికి వచ్చింది. 12 కిలోల బ్యాగు రోజంతా రుద్దే చోట కుట్టు పెట్టకూడదు. దాన్ని ముందుకో వెనక్కో జరపాలి.

పైబట్ట మూడో రోజుకే నీళ్లు పీల్చడం వేరే సంగతి. ఒంటి జిడ్డు, సన్‌స్క్రీన్ అంటుకుంటే, నీళ్లను పూసల్లా జార్చే పై పూత పనిచేయదు. ఫాబ్రిక్ కండిషనర్ వాడకుండా ఉతికి, రెండుసార్లు జాడించి, ఆరాక పైన నూలు గుడ్డ వేసి తక్కువ వేడితో ఇస్త్రీ చేస్తే రెండు జాకెట్ల మీద నీళ్లు మళ్లీ పూసల్లా జారాయి. మీ లేబుల్ మాత్రం ఉతకవద్దు, ఇస్త్రీ చేయవద్దు అంటోంది. దాన్ని నమ్మినవారి జాకెట్ ఒక్క సీజన్‌లోనే పాడైపోతుంది. పూత పోయినంత మాత్రాన అందరూ కొత్తది కొనాలా?

బరువు తగ్గించడానికి చంకల కింద జిప్పులు తీసేశారు. మన వానలకు అది అన్నిటికన్నా పెద్ద నష్టం. ఆవిరి బట్టలోంచి పోలేని చోట గాలి ఆడే దారి కావాలి. దానికోసం 30, 40 గ్రాములు పెరిగినా మోస్తాం. ప్యాంటు కాలి జిప్పు 18 సెంటీమీటర్లే, బూటు పట్టదు. జలగలున్న దారిలో ఒంటికాలి మీద నిలబడి బూట్లు విప్పాల్సి వస్తుంది. జిప్పు మోకాలి దాకా ఉండాలి. మీ పేజీలో జాకెట్ బరువు 240 గ్రాములని ఉంది, ఏ సైజుదో రాయలేదు. మా దగ్గరున్న ఎం సైజు 272 తూగింది.

ఇంకొకటి. వేటలో చప్పుడు చేయని బట్ట అని రాశారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్న దేశంలో అది ఎవరికోసం రాశారో తెలియదు గానీ, పక్షులను చూసేవారు ఆ మాట నమ్మి కొంటారు. చెయ్యి కదిపితే చాలు, ఈ బట్ట గరగరమంటుంది. ఆ మాట తీసేయండి.

మేం కోరేవి ఇవి: కారుతున్న 9 జాకెట్లకు పూర్తి డబ్బు వాపసు; మిగతా మూడింటి భుజం టేపును మీ ఖర్చుతో తనిఖీ చేయించడం; లేబుల్ మీద ఉతికే పద్ధతి, ఏ సైజుకు ఎంత బరువు, 10,000 అంకె ఏ పరీక్షలో వచ్చిందీ, కుట్టుతో కలిపి పరీక్షించారా లేదా అన్నవి రాయడం. ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వండి. లేకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాం.

టేపు లేచిన చోట్ల ఫొటోలు, పరీక్ష వీడియో, బిల్లు నకలు జతచేశాం. టేపు లేచిన ప్రతి చోటా సుద్దతో గుర్తు పెట్టి, 9 జాకెట్లనూ ఉతికి ఆరబెట్టి ఉంచాం. మీ మనిషిని పంపితే రసీదు తీసుకుని అప్పగిస్తాం.

ఇట్లు,
సామగ్రి బాధ్యులు,
ట్రెక్కింగ్ బృందం, హైదరాబాద్